బడికి వెళ్ళని ఇద్దరు పిల్లలకు చదువు చెప్పేవారిని వెతికిన తీరు: నల్లగొండ కుటుంబం ఒకదాని కేస్ స్టడీ

2024 జూన్‌లో బడులు తెరిచే వేళకు నల్లగొండ పట్టణంలో పానగల్లు వైపు ఉండే ఒక దంపతులు, తమ ఇద్దరు పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే మనిషిని చూసిపెట్టమని నన్ను అడిగారు. ఇంట్లోనే చదువుకునే పిల్లల కుటుంబాలకు సలహాలివ్వడం నా వృత్తి కనుక ఇలాంటి అభ్యర్థనలు నాకు కొత్త కాదు. అయితే ఈ కుటుంబంతో చేసిన పనిలో ట్యూటర్ ఎంపికకు సంబంధించిన చిక్కులు చాలావరకు ఒకే చోట ఎదురయ్యాయి కాబట్టి, వారి అనుమతి తీసుకుని మొత్తం వ్యవహారాన్ని ఇక్కడ రాస్తున్నాను. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

కుటుంబం, పిల్లలు

తండ్రికి బత్తాయి తోట ఉంది, చుట్టుపక్కల తోటల కాయను కొని అమ్మే వ్యాపారం కూడా ఉంది. తల్లి బీకాం చదివి, పెళ్ళికి ముందు ఒక సంస్థలో లెక్కలు రాసేవారు. పెద్దవాడైన బాబుకు అప్పుడు 12 ఏళ్ళు, పాపకు 9 ఏళ్ళు. బాబుకు చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. చలికాలంలో రాత్రిళ్ళు నిద్ర ఉండదు, పొద్దున లేవలేడు, బడికి వెళ్ళిన రోజుల కంటే మానిన రోజులే ఎక్కువైన నెలలు ఉన్నాయి. మానిన రోజుల పాఠాలు ఎవరూ మళ్ళీ చెప్పరు కనుక అతడి చదువులో అక్కడక్కడా ఖాళీలు ఏర్పడ్డాయి. ఆరవ తరగతి పూర్తయ్యాక తల్లిదండ్రులు అతణ్ణి ఇంట్లోనే చదివించాలని నిర్ణయించుకున్నారు. అన్న ఇంట్లో ఉంటే తానొక్కతే బడికి పోనని పాప పట్టుబట్టింది. కొన్ని వారాలు ఆలోచించి ఆమెను కూడా ఇంట్లోనే ఉంచారు.

నన్ను కలిసేసరికి వారు అడిగింది చాలా సూటిగా ఉంది: "ఏడో తరగతికి, నాలుగో తరగతికి అన్ని సబ్జెక్టులు చెప్పే మంచి ట్యూషన్ సార్ కావాలి, రోజూ రెండు గంటలు." ఇంటి చదువు మొదలుపెట్టిన కుటుంబాలలో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు, నా దృష్టిలో వెతుకులాట దారి తప్పేది కూడా ఇక్కడే. మన ఊళ్ళలో ట్యూషన్ అనేది బడిని ఆనుకుని నడుస్తుంది. ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో, పరీక్ష ఎప్పుడో, హోంవర్క్ ఏమిటో బడి ముందే నిర్ణయించి ఉంచుతుంది. ట్యూషన్ చెప్పేవారు ఆ వరుసలో వెనకబడిన పిల్లవాణ్ణి ముందుకు నెడతారు. బడే లేని పిల్లవాడి దగ్గర ఆ వరుస ఉండదు కాబట్టి, ఈ రోజు ఏం చెప్పాలో, అది అర్థమైందో లేదో, తర్వాత ఎటు వెళ్ళాలో వచ్చిన వ్యక్తి తానే తేల్చుకోవాలి. ట్యూషన్లలో మంచి పేరున్న వారు కూడా ఈ పనిలో తడబడడం నేను చూశాను. అది వారి లోపం కాదు, వారు అలవాటుపడిన పని వేరు.

వెతకడానికి ముందు తేల్చుకున్నవి

అందువల్ల ఎవరికీ ఫోన్ చేయకముందే నేను పిల్లలిద్దరితో కూర్చున్నాను. బాబుకు ఎక్కాలు నోటికి వచ్చు, గుణకారంలో తడబాటు లేదు. టన్నుకు ఇన్ని కిలోల తరుగు తీస్తే 8 టన్నులకు ఎంత పోతుందో, మిగిలినదానికి ధర ఎంతో కాగితం ముట్టుకోకుండా చెప్పగలడు. తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య అది. అదే పిల్లవాడు 1/2కు 1/3 కలపమంటే 2/5 అని రాశాడు. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపాడు. భిన్నాలు చెప్పిన నెలల్లో అతడు ఎక్కువగా ఇంట్లోనే ఉన్నాడని తల్లి తర్వాత గుర్తుచేసుకున్నారు. దశాంశాలు, శాతాలు, నిష్పత్తులు, తర్వాత వచ్చే బీజగణితం అన్నీ భిన్నాల మీదే నిలబడతాయి కాబట్టి, అతడికి కావలసింది ఏడో తరగతి లెక్కలు చెప్పేవారు కాదని, నాలుగు, ఐదు తరగతుల దాకా వెనక్కి వెళ్ళగలిగిన ఓపిక ఉన్నవారని ఆ రోజే స్పష్టమైంది.

పాప సంగతి వేరు. మాట్లాడితే ఆగదు, చూసిన ప్రతిదాన్నీ కథగా చెబుతుంది. చదవమంటే మాత్రం తెలుగులో ఒత్తులను దాటేస్తుంది, ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం చూసి మిగతా మాటను ఊహిస్తుంది. బొమ్మలున్న పేజీలో ఈ ఊహ చాలాసార్లు సరిపోతుంది కాబట్టి, ఆమెకు చదవడం వచ్చుననే అందరూ అనుకున్నారు.

తర్వాత గమ్యం గురించి మాట్లాడుకున్నాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టంలోని 10వ సెక్షన్ చెబుతుంది, చేర్పించకపోతే శిక్ష ఏమిటో చెప్పదు. ఇంటి చదువును చట్టం పేరుపెట్టి అనుమతించలేదు. ఈ పరిస్థితిని తల్లిదండ్రులు కళ్ళు తెరిచి తెలుసుకోవాలనే నేను ప్రతి కుటుంబానికీ మొదటే వివరిస్తాను. పదో తరగతి సర్టిఫికెట్‌కు రెండు దారులు ఉన్నాయి: జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, లేదా తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. రెండింటిలోనూ పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలి. ఈ కుటుంబం ఎన్‌ఐఓఎస్‌ను ఎంచుకుంది. అందులో ఐదు సబ్జెక్టులు ఉత్తీర్ణులైతే సరిపోతుంది, పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, ఒకసారి చేరితే ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, సబ్జెక్టులను విడివిడిగా రాసి పూర్తి చేసుకోవచ్చు. శీతాకాలం గడ్డుగా గడిచే పిల్లవాడికి ఈ వెసులుబాటు ఎంతో మేలు. మాకు కలిగిన ప్రయోజనం మరొకటి కూడా ఉంది. బాబు చేతిలో ఇంకా రెండేళ్ళు ఉన్నాయని తేలడంతో, వెంటనే ఏడో తరగతి సిలబస్ పూర్తిచేయాలన్న తొందర తల్లిదండ్రులలో తగ్గింది.

చివరగా పనిని పంచాం. తెలుగు, సాంఘిక శాస్త్రం, సైన్సు పాఠాలు చదివించడం తల్లి తీసుకున్నారు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు 2022-23 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉండేలా వస్తుండటం వల్ల ఆమెకు ఆ పని తేలికైంది. కొలతలు, తూకాలు, వ్యాపారపు లెక్కలు తండ్రి దగ్గర. బయటి మనిషికి మిగిలింది బాబు గణితం, ఇద్దరి ఇంగ్లిష్, పాప చదవడం. రోజూ రెండు గంటలు అన్నీ చెప్పేవారు అన్న మొదటి కోరిక, వారానికి నాలుగు రోజులు సాయంత్రం గంటన్నర చొప్పున ఈ మూడు పనులు చేసేవారు అన్నదగ్గరికి వచ్చింది. పని ఇంత స్పష్టంగా రాసుకున్నాక అడగవలసిన ప్రశ్నలు వాటంతటవే తయారయ్యాయి, ఖర్చు కూడా దాదాపు సగానికి తగ్గింది.

ఎవరిని అడగాలి

ఇరుగుపొరుగువారు మొదట చెప్పిన పేరు ఒక సర్కారు బడి సారుది. ఆయన బోధన గురించి అందరూ బాగా చెప్పారు. కానీ విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం బడిలో పనిచేసే ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. చాలాచోట్ల చెబుతున్నారు కదా అని తండ్రి అన్నారు. ఒక ఉద్యోగికి చిక్కు తెచ్చే ఏర్పాటు మీద పిల్లల చదువును నిలబెట్టవద్దని నేను గట్టిగా చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.

అప్పుడు జిల్లాకేంద్రంలో మిగిలేది ఎవరు? డీఎడ్, బీఎడ్ పూర్తిచేసి టెట్, డీఎస్సీలకు చదువుతున్నవారు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో పీజీ చేసి ఉద్యోగం వెతుక్కుంటున్నవారు, విశ్రాంత ఉపాధ్యాయులు, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన మహిళలు. నా అనుభవంలో చివరి వర్గం వారు చాలా విలువైనవారు, వెతికితే తప్ప దొరకరు. వారు ఎక్కడా ప్రకటన ఇవ్వరు, కాలనీలో నలుగురిని అడిగితేనే తెలుస్తుంది. గ్రంథాలయంలో చదువుకునే అభ్యర్థులకు, బీఎడ్ కళాశాలల పరిచయస్థులకు, కాలనీ వాట్సాప్ గ్రూపులకు తల్లి ఒక చిన్న ప్రకటన పంపారు. అందులో పిల్లల పేర్లు గానీ ఇంటి చిరునామా గానీ ఫోటోలు గానీ లేవు. పని ఏమిటో, ఏ వేళల్లోనో, గంటకు ఎంత ఇవ్వగలరో మాత్రమే ఉంది.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "పిల్లవాడికి అర్థం కాకపోతే ఏం చేస్తారు?" అని అడిగితే దాదాపు అందరూ "మళ్ళీ చెబుతాను" అనే అంటారు. ఆ జవాబుతో మనకు తెలిసేది ఏమీ లేదు. అందుకే నేను వేరేగా అడగమంటాను: "మీరు ఎంత ప్రయత్నించినా నేర్పలేకపోయిన ఒక పిల్లవాడి గురించి చెప్పండి." అలాంటివారు ఎవరూ లేరన్న వ్యక్తి తన పనిని నిశితంగా చూసుకోలేదని అర్థం. ఒకరు, తాను చదువు చెప్పిన ఒక అమ్మాయి ఎందుకు తీసివేతల్లో పదేపదే తప్పు చేసేదో తనకు నెల తర్వాత గానీ తెలియలేదని, ఆమె ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తుండేదని, అది పైదా కిందిదా అని చూసేది కాదని వివరించారు. ఇలా చెప్పినామెను డెమోకు పిలిచాం.

డెమో క్లాసులు

ముగ్గురిని పిలిచాం, ముగ్గురికీ ఆ గంటకు డబ్బు ఇచ్చాం. ఉచిత డెమో అడగడం మర్యాద కాదని నా అభిప్రాయం. డబ్బు ఇస్తేనే ఆ గంటను ఎలా వాడాలో మనం చెప్పగలం కూడా. ముగ్గురికీ ఒకే పని ఇచ్చాం: బాబు రాసిన 1/2 + 1/3 = 2/5 చూపించి అతడితో మాట్లాడమన్నాం, తర్వాత పాపతో ఒక పేజీ చదివించమన్నాం.

మొదట వచ్చిన ఎమ్మెస్సీ గణితం చదివిన సార్‌కు విషయం మీద పట్టు ఉంది. తప్పు చూడగానే దాన్ని తుడిచి, కసాగు తీయడం, హారాలు సమానం చేయడం, కలపడం వరుసగా రాసి 5/6 తెచ్చారు. అలాంటివే మరో నాలుగు ఇచ్చారు, బాబు నాలుగూ సరిగ్గా చేశాడు. తల్లిదండ్రులకు చాలా నచ్చింది. ఆయన వెళ్ళాక నేను బాబును, "ముందు నువ్వు రాసిన 2/5 ఎందుకు తప్పు?" అని అడిగాను. "సార్ గట్ల చేయొద్దన్నడు" అన్నాడు. పద్ధతి చేతికి వచ్చింది, పొరపాటు ఉన్నచోటే ఉంది.

రెండో వ్యక్తి, ఫోన్‌లో తీసివేతల సంగతి చెప్పిన డీఎడ్ అభ్యర్థి, 2/5ను తుడవలేదు. దాని పక్కనే 1/2 రాసి, రెండింటిలో ఏది పెద్దదని అడిగింది. బాబు వెంటనే చెప్పలేకపోయాడు. రెండు సమానమైన కాగితపు పట్టీలు తీసుకుని ఒకదాన్ని సగానికి, ఇంకోదాన్ని ఐదు భాగాలుగా మడవమంది. ఐదు సమానంగా మడవడానికి చాలాసేపు పట్టింది, ఆమె తొందరపెట్టలేదు. పట్టీలు పక్కపక్కన పెట్టాక బాబు వాటినే చూస్తూ, "కలిపినంక తక్కువెట్లయితది మేడం?" అన్నాడు. "అదే నేను అడుగుతున్న" అని ఆమె ఊరుకుంది. ఆ గంటలో ఒక్క లెక్క కూడా పూర్తి కాలేదు. తండ్రి ముఖంలో అసంతృప్తి కనిపించింది. మరునాడు పొద్దున బాబు తనంతట తాను పట్టీని ఆరు భాగాలు చేసుకుని, సగం అంటే అందులో మూడు, మూడోవంతు అంటే రెండు అని తల్లికి చూపించాడని తెలిశాక ఆయన మనసు మారింది.

మూడోవారు విశ్రాంత ఉపాధ్యాయులు, పెద్దమనిషి, ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. పాప ఒక పేజీ చదివి, అందులోని కుక్కపిల్ల గురించి తనదైన మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది. "గక్కడ", "గప్పుడు", "ఉరికింది" అన్న ప్రతిసారీ ఆయన ఆపి పుస్తకంలోని మాట చెప్పించారు. కాసేపటికి పాప తల ఊపడమే తప్ప మాట్లాడడం మానేసింది. రాతలో ప్రామాణిక రూపాలు నేర్పవలసిందే, కానీ చదవడం ఇంకా పట్టుబడని 9 ఏళ్ళ పిల్లకు మాట్లాడే ఉత్సాహమే పెద్ద పెట్టుబడి. ఇంటి మాటలో చెప్పగలిగినదాన్నే ఆమె రేపు రాతలో పెడుతుంది.

పిల్లలు చేసిన తప్పు దగ్గర ఆ వ్యక్తి ఎంతసేపు నిలబడతారు? ట్యూటర్‌ను ఎంచుకునేటప్పుడు నేను అన్నింటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే. డిగ్రీ, అనుభవం, మంచి ఇంగ్లిష్ దాని తర్వాత వస్తాయి. బడిలో నలభై మంది ముందు తప్పు దగ్గర ఆగే తీరిక ఉండదు. ఇంట్లో ఒక్క పిల్లవాడి ముందు కూర్చున్నప్పుడు ఉన్న గొప్ప సౌకర్యమే ఆ తీరిక, దాన్ని వాడుకోని ట్యూటర్‌కు ఇచ్చే డబ్బులో చాలా భాగం వృథా.

ఒప్పందం

డీఎడ్ అభ్యర్థినే ఖాయం చేశాం. గంటకు 300 రూపాయలు, నెలాఖరున లెక్క. బాబుకు ఆయాసం వచ్చిన రోజు క్లాసు రద్దయితే మధ్యాహ్నం లోపు చెప్పాలి, ఆ తర్వాత చెబితే సగం ఇవ్వాలి. బాబుకు సుద్దముక్క పొడి పడదు కనుక బోర్డు బదులు పెద్ద నోట్‌బుక్ వాడాలి. క్లాసు హాల్లోనే, తలుపు తెరిచే ఉండాలి, ఇంట్లో పెద్దవారు ఒకరు ఉండి తీరాలి. పిల్లలతో విడిగా ఫోన్ సందేశాలు ఉండవు, ఏ సంగతైనా తల్లి ఫోన్ ద్వారానే. గుర్తింపు కార్డు ప్రతి తీసుకున్నాం, ఆమె అంతకుముందు చెప్పిన కుటుంబంతో మాట్లాడాం. ఆడవారిని తీసుకున్నా, బంధువును తీసుకున్నా, పేరున్న మేష్టారిని తీసుకున్నా ఈ నియమాలు మారవు. మనిషిని అనుమానించినట్లు అవుతుందేమోనని మొహమాటపడే తల్లిదండ్రులకు, మొదటి రోజే అందరికీ ఒకటే పద్ధతి అని చెబితే ఎవరికీ బాధ కలగదని చెబుతుంటాను. ఆమె కూడా ఈ షరతులు చదివి, తనకూ ఇవే రక్షణ అన్నారు.

ముఖ్యమైన షరతు మరొకటి ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చింది, జులై, ఆగస్టుల్లో పరీక్షలు. ఆమెకు ఉద్యోగం వస్తే వెళ్ళిపోతారు, రావాలనే మనమూ కోరుకోవాలి. చిన్న పట్టణాలలో చిన్న తరగతులకు బాగా చెప్పగలిగినవారు ఎక్కువగా ఈ అభ్యర్థులలోనే ఉంటారు కాబట్టి, మధ్యలో వెళ్ళిపోతారన్న భయంతో వారిని కాదనుకోవడం సరికాదు. దానికి తగిన ఏర్పాటు చేసుకోవాలి. పరీక్షల రోజుల్లో సెలవు ఇచ్చేటట్లు, వెళ్ళేముందు తన తర్వాత వచ్చేవారితో రెండు క్లాసులు కలిసి కూర్చునేటట్లు రాసుకున్నాం. ప్రతి క్లాసు చివర ఒక నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయాలన్నాం: ఈ రోజు పిల్లవాడు ఎక్కడ ఆగాడు, ఏం చేస్తే కదిలాడు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలి. ఏ పాఠం చెప్పారన్నది అందులో అవసరం లేదు.

నడిచిన తీరు

మొదటి వారాలు తండ్రికి కష్టంగానే గడిచాయి. పక్కింటి పిల్లవాడు సమీకరణాలు చేస్తుంటే తన కొడుకు కాగితాలు మడుస్తున్నాడన్న బాధ ఆయనది. ఆయననే క్లాసులోకి తెమ్మని ట్యూటర్‌కు సూచించాను. బత్తాయి కొనుగోలు పుస్తకం తెచ్చి, తరుగును భిన్నంగా, దశాంశంగా, శాతంగా మూడు విధాలా రాయించారు. నోటితో చెప్పగలిగిన లెక్కను మొదటిసారి కాగితం మీద చూసుకున్నాక బాబు వేగం మారింది.

పాపకు ఆమె చెప్పిన కథనే తెలుగులో రాసి, ఒత్తుల కింద గీత గీసి, ఆమె చేతనే చదివించేవారు. తన మాటలే కాబట్టి ఊహించి దాటేయవలసిన అవసరం లేదు, అక్షరాలనే చూడవలసి వచ్చేది. ఇంగ్లిష్‌లో బొమ్మను మూసి అక్షరాల ధ్వనులు కలిపి చదివించారు. ఒక ఆదివారం అందరూ పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళి, గర్భగుడిలో పగలంతా కదలకుండా ఉండే స్తంభపు నీడను ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూసి వచ్చారు. ఎండ కదులుతుంటే నీడ ఎందుకు కదలదని బాబు టార్చిలైటు, పెన్సిళ్ళతో ఇంట్లో ప్రయత్నించాడు. పాప దాని మీద నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు సొంతంగా రాసింది.

సెప్టెంబరు చివర డీఎస్సీ ఫలితాలు వచ్చాయి, ఆమె ఎంపికయ్యారు. దసరాకు ముందే క్లాసులు ముగిశాయి. పిల్లలు బాధపడ్డారు, పాప రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. రెండో వెతుకులాట మాత్రం మొదటిదానికంటే చాలా సులువైంది. నోట్‌బుక్ చదివితే ఏ పని మిగిలి ఉందో తెలుస్తుంది కాబట్టి, ఎలాంటివారు కావాలో మళ్ళీ మొదటి నుంచి ఆలోచించవలసిన పని లేకపోయింది. అదే కాలనీలో, బీఎడ్ చేసి కొన్నేళ్ళు పనిచేసి మానేసిన ఒక గృహిణి ఇంగ్లిష్‌కు, పాప చదువుకు ముందుకొచ్చారు. పాత ట్యూటర్ మాట ప్రకారం రెండు శనివారాలు వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

గణితానికి, డెమోలో వద్దనుకున్న ఎమ్మెస్సీ సార్‌నే పిలవమని నేను సలహా ఇచ్చాను. తల్లిదండ్రులు ఆశ్చర్యపోయారు. భిన్నాల పునాది లేనప్పుడు ఆయన వేగం బాబుకు పనికిరాలేదు, ఇప్పుడు బీజగణితం మొదలుపెట్టే దశలో ఆ వేగం, ఆ పట్టు రెండూ అవసరం. వారానికి రెండు గంటలు చాలన్నాం. తప్పును తుడవకుండా ఉంచి, అది ఎందుకు తప్పో బాబు చేతనే చెప్పించాలన్న ఒక్క కోరిక ఆయన ముందు పెట్టాం. మొదట అలవాటు లేక ఇబ్బంది పడ్డారు. ఇప్పుడు నోట్‌బుక్‌లో ఆయన రాసే వాక్యాలే అందరికంటే వివరంగా ఉంటున్నాయి.

పాప ఇప్పుడు తెలుగు కథల పుస్తకాలు సొంతంగా చదువుతుంది, ఇంగ్లిష్‌లో తెలియని మాట దగ్గర ఊహించకుండా ఆగుతుంది, చదివే వేగం ఇంకా పెరగాలి. 14 ఏళ్ళు నిండాక బాబు ఎన్‌ఐఓఎస్‌లో చేరడానికి గణితం, ఇంగ్లిష్, తెలుగు, సాంఘిక శాస్త్రం, సైన్సు అనుకున్నారు. ఎన్‌ఐఓఎస్ తరఫు ట్యూటర్ మూల్యాంకనం చేసే అసైన్‌మెంట్లకు 20 శాతం విలువ ఉంటుంది కాబట్టి, పొడుగు జవాబులు రాయడం తల్లి ఇప్పటి నుంచే తెలుగులో అలవాటు చేస్తున్నారు. సైన్సుకు ప్రయోగాలు ఉంటాయి, అవి ఇంట్లో పూర్తి కావు. అడ్మిషన్‌కు ముందే దగ్గరలోని స్టడీ సెంటర్‌కు వెళ్ళి ప్రయోగాల ఏర్పాట్లు చూసి రావాలని, అవి తృప్తిగా లేకపోతే సైన్సు బదులు వేరే సబ్జెక్టు తీసుకోవడమా, ప్రయోగాలకు మాత్రం ఒక డిగ్రీ విద్యార్థిని మాట్లాడుకోవడమా అన్నది అప్పుడు తేల్చుకోవాలని నిర్ణయించాం.